చల్లపల్లిలో లేని సీను

హీరో స్నేహితుడు చచ్చిపోయే సినిమాలంటే నాకు ప్రాణం. చావు కోసం కాదు, చావుకి ముందు వచ్చే ఆ నాలుగు నిమిషాల కోసం. హీరో వాణ్ణి ఒళ్లో పడుకోబెట్టుకుని, మొహం నిమిరి, నువ్వు లేకుండా నేనెట్లా బతకాలిరా అని గొంతు చించుకుని ఏడుస్తాడు. హీరోయిన్‌తో ఆరు పాటలు పాడినా వాడికి ఆ గొంతు రాదు. తెలుగు సినిమాలో మగవాడు మగవాణ్ణి నిక్షేపంగా ప్రేమించవచ్చు, కాకపోతే ఇద్దరిలో ఒకడు వెంటనే పోవాలి. ఈ సంగతి నేను మీసాలు మొలవకముందే కనిపెట్టాను. కనిపెట్టి ఎవరితో చెప్పుకోను?

డ్యూయెట్లు నాకు పడవు. మంచుకొండల మీద ఆ పిల్ల పల్చటి చీరలో వణుకుతుంటే వీడు కోటేసుకుని గంతులేస్తాడు. పాట మొదలవగానే బయటకెళ్లి సోడా తాగి వచ్చేవాణ్ణి. ఫైట్లు ఫరవాలేదు. అమ్మ సెంటిమెంటు ముదిరితే ఆవులింతలొస్తాయి. ఇక కమెడియన్లలో ఒకడుంటాడు, మణికట్టు వేలాడేసి, నడుం తిప్పుకుంటూ నడిచి, కనపడిన మగాడి మీదల్లా పడేవాడు. వాడు రాగానే హాలంతా గొల్లుమనేది. అందరికంటే గట్టిగా నేను నవ్వేవాణ్ణి. నవ్వకపోతే పక్కవాడు నా వంక చూస్తాడని భయం. అలా నవ్వి ఇంటికెళ్లిన రోజు అన్నం సహించేది కాదు. నాలాంటివాణ్ణి తెర మీద ఆ ఒక్క వేషంలోనే చూపించారు మరి. గే అనే మాట ఒకటుందని చాలా ఏళ్ల తర్వాత పేపర్లో చదివాను. అప్పట్లో మా బజార్లో వినపడే మాట 'తేడా' ఒక్కటే.

మా బజారంటే విజయవాడ వన్ టౌన్. నాన్నకి అక్కడ రేకు ట్రంకుపెట్టెల కొట్టు. ముందు అమ్మకం, వెనక తయారీ. పొద్దున మొదలైతే చీకటి పడేదాకా రేకు మీద సుత్తి మోత. ఇంట్లో ఉర్దూ, కొట్లో తెలుగు, ఏ భాషలోనైనా అరిస్తేనే వినపడేది. సినిమా హాల్లో కూర్చుంటే నన్నెవరూ కేకేయరు, నా మొహం ఎవరికీ కనపడదు. అందుకే సినిమాలు మరిగాను.

నాకూ ఒక స్నేహితుడున్నాడు, డిగ్రీలో పరిచయం. వాళ్లది చల్లపల్లి పక్కన పల్లెటూరు, వ్యవసాయ కుటుంబం. చదువయ్యాక వాళ్ల నాన్న చల్లపల్లిలో ఎరువుల కొట్టు పెట్టించాడు. సరుకు కోసం శనివారాలు విజయవాడ వచ్చి, లోడు పురమాయించి, మా కొట్టు ముందు నిలబడి "ఏం బావా, ఇయ్యాల ఏ సినిమా?" అనేవాడు. మా వైపు స్నేహితులు ఒకళ్లనొకళ్లు బావా అనుకోవడం మామూలే. అయినా ఆ పిలుపు నాకు వారమంతా చెవిలో ఉండిపోయేది. మ్యాట్నీలో కుర్చీ చేతి మీద వాడి మోచెయ్యి నా మోచేతికి ఆనుకుని ఉండేది. వాడు తీసేవాడు కాదు. నేనూ తీసేవాణ్ణి కాదు. ఏళ్ల తరబడి అంతకు మించి ఏమీ జరగలేదు.

తొంభైల చివర్లో ఒక సినిమా వచ్చింది. పేరున్న హీరోలెవరూ లేరు. ఇద్దరు స్నేహితులు, వాళ్లకొక పాత లారీ. ఇద్దరిలో ఒకడికి పెళ్లి కుదురుతుంది. ఇంటర్వెల్ తర్వాత ఒక వాన సీను. లారీ రోడ్డు పక్కన ఆగి ఉంటుంది. పెళ్లికొడుక్కి జ్వరం. తుండుగుడ్డతో వాడి తల తుడుస్తూ రెండోవాడు, నువ్వెళ్లిపోతే ఈ లారీ నేనెవరికోసం తోలాలిరా అని అడుగుతాడు. మ్యూజిక్ లేదు. వైపర్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. అడిగినవాడు చావడు, విన్నవాడు నవ్వడు. తుండుగుడ్డ మాత్రం ఆగిపోతుంది. తెలుగులో ఇంతకన్నా గొప్ప ప్రేమ సీను లేదు, ఎవరైనా వాదనకి వస్తే నేను సిద్ధం. ఆ సీను కోసం మళ్లీ మళ్లీ వెళ్లాను. నాట్ల రోజులు కావడంతో యూరియా కోసం జనం ఎగబడి వాడు మాత్రం కొట్టు వదిలి రాలేకపోయాడు.

ఆ నాట్లయ్యీ అవగానే ఒక ఆదివారం మా పక్క ఎస్టీడీ బూత్‌కి వాడి ఫోన్ వచ్చింది. "బావా, సంబంధం కుదిరింది. గురువారం తాంబూలాలు. నువ్వు ముందు రోజే వచ్చెయ్యాల" అన్నాడు. సంతోషంగా అన్నాడో లేదో తెలియలేదు, లైనులో గరగర. తాంబూలాలు పుచ్చుకుంటే అయిపోయినట్టే. ఆ తర్వాత వెనక్కి తగ్గితే రెండు కుటుంబాలూ ఊళ్లో తలెత్తుకోలేవు. నేను వాడికి చెప్పేదేదో ఆ లోపలే చెప్పాలి. ఇన్నేళ్లుగా నోరు పెగలనివాడికి ఒక్కసారిగా ఎలా పెగులుతుంది? కొట్లో కూర్చోలేకపోయాను. గుణదల కొండెక్కి మేరీ మాతకి కొవ్వొత్తి వెలిగించాను. దర్గాలో అడగడానికి సిగ్గేసింది, అక్కడ మా తాతని కూడా ఎరుగుదురు. ఆ తల్లికైతే నేనెవరో తెలియదు కదా అనుకున్నాను. ఏమి కోరుకోవాలో తెలియక ఊరికే ఏడ్చి దిగొచ్చాను.

దిగుతుంటే గోడ మీద పోస్టరు చూసి గుర్తొచ్చింది. లారీ సినిమా విజయవాడలో ఎత్తేశారు గానీ, ఇప్పుడు చల్లపల్లిలో ఆడుతూ ఉండాలి. నేను చెప్పలేకపోతే ఆ సీనే చెబుతుంది. చిన్న ఊళ్లకి వెళ్లేసరికి సినిమాని కత్తిరిస్తారని నాకు తెలియక కాదు. సినిమా పిచ్చి ఉన్న ప్రతివాడికీ తెలుసు. కానీ కోసేది పాటలని. ఈ సీనులో పాటే లేదు, దాని జోలికి ఎవడొస్తాడని ధైర్యంగా ఉన్నాను.

మంగళవారం అవనిగడ్డ బస్సెక్కి చల్లపల్లిలో దిగాను. ముందే ఫోన్ చేసి చెప్పాను కాబట్టి వాడు కొట్టు మూసి బండి మీద వచ్చాడు. చొక్కా నిండా ఎరువు వాసన.

"నువ్వు చూసేసిన సినిమానే గదరా. దీనికోసం ఇంత దూరం వచ్చావా?"

"నువ్వు చూడలేదుగా" అన్నాను.

ఇంటర్వెల్లో వాడు సమోసాలు తెచ్చాడు. నా చేతిలోది నలిగి పొట్లంలోనే పొడైపోయింది. ఎలాగో నోరు తెరిచాను. "ఇప్పుడు లారీ సీను ఒకటొస్తుంది. బాగా చూడు. నేను నీకు చెప్పాలనుకున్నదంతా అందులో ఉంది. చూశాక నువ్వు తిట్టినా కొట్టినా సరే."

వాడు నా మొహంలోకి చూసి, సమోసా పక్కన పెట్టి, సరే అన్నాడు.

లైట్లు ఆరాయి. లారీ బయల్దేరింది. ఉరుము ఉరిమింది. నేను కుర్చీలో ముడుచుకుని కూర్చున్నాను. తెర మీద బొమ్మ ఒక్కసారి ఎగిరినట్టయింది. చూస్తే ఫెళ్లున ఎండ కాస్తోంది. అదే లారీని చెయ్యెత్తి ఆపి, మణికట్టు వేలాడేసుకుని, నడుం తిప్పుకుంటూ ఎక్కుతున్నాడు కమెడియన్. వాన సీను తర్వాత రావలసిన ముక్క అది. ఎక్కీ ఎక్కగానే డ్రైవరు తొడ మీద చెయ్యేశాడు. హాలు పగలబడి నవ్వింది.

పక్కన వాడూ నవ్వాడు. నవ్వుతూ నా వైపు తిరిగి, "ఇదేంట్రా..." అన్నాడు. నా మొహం చూసి నవ్వు ఆపేశాడు. "ఇదేనా?" అని మెల్లగా అడిగాడు.

నేను లేచి పరిగెత్తాను. ప్రొజెక్టర్ గదికి బయటి నుంచి మెట్లున్నాయి. ఎక్కి తలుపు దబదబా బాదాను. ఆపరేటరు బనీనుతో బయటకొచ్చాడు.

"వాన సీనేదండీ? ఏం చేశారు దాన్ని?"

"టైము చాలదండీ. రెండూళ్లకీ ఒకటే రీళ్ల బాక్సు. ఇక్కడ మ్యాట్నీ అవ్వగానే అవనిగడ్డ ఫస్ట్ షోకి పోవాల. డిస్ట్రిబ్యూటర్ గారి మనిషే కొయ్యమన్నాడు."

"కొయ్యాలంటే పాట కొయ్యచ్చుగా!"

"పాట కోస్తే కుర్చీలు ఇరగ్గొడతారండీ. ఆ ముక్కలో ఏముందండీ, ఇద్దరు మగాళ్లు వానలో కూచోడం తప్ప. జనం లేచి సిగరెట్లకి పోతన్నారు" అని ఆయన తలుపేసుకున్నాడు. ఆయన మీద కోపం రావలసింది. రాలేదు. మెట్ల మీద కూలబడి ఏడ్చాను. లోకంలో నా తరఫున మాట్లాడేది ఆ ముక్క ఒక్కటే, దాన్ని చెత్తబుట్టలో వేశారు. దాని బదులు నేనిలాంటివాణ్ణని చెప్పడానికి ఆ కమెడియన్ని పంపారు.

వాడు వచ్చి నా పై మెట్టు మీద కూర్చున్నాడు. "అందరూ చూస్తన్నారు, లేవరా" అన్నాడు. నేను లేవలేదు. "ఏముంది ఆ సీన్లో?" అని అడిగాడు.

ఇక దాచడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. వాన గురించి చెప్పాను, జ్వరం గురించి చెప్పాను. తుండుగుడ్డ ఎలా ఆగిందో చెయ్యి పెట్టి చూపించాను. రెండోవాడు అడిగిన మాట చెప్పాను. "ఆ రెండోవాణ్ణి నేనురా" అన్నాను. వైపర్ల చప్పుడు లేదు, గోడ అవతల ప్రొజెక్టర్ గరగర, కింద హాల్లో జనం నవ్వులు.

వాడు చొక్కా చేతికి అంటిన యూరియా పొడిని గోటితో గీకాడు.

"తెల్సు" అన్నాడు.

"ఎప్పట్నించి?"

"మోచెయ్యి తియ్యకుండా కూచుంది నువ్వొక్కడివేనా?"

జీవితంలో నేను విన్న మంచి డైలాగు అదే. విన్న మరుక్షణమే దానివల్ల ఒరిగేదేమీ లేదని వాడి గొంతులోనే అర్థమైంది.

"మరైతే?" అన్నాను.

"మరేముంది. నాన్న మాటిచ్చేశాడు. నా ఎనక చెల్లెలుంది. ఎట్టా చెయ్యమంటావు?" లేచి నిలబడ్డాడు. నా భుజం మీద చెయ్యేయబోయి, మెట్ల కింద ఎవరో సైకిలు తీస్తుంటే ఆగిపోయాడు. "గురువారం నువ్వు రావద్దురా. నువ్వు ఎదురుగా కూచుంటే నేను తాంబూలం అందుకోలేను."

బండి తీసుకుని వెళ్లిపోయాడు. నేను బస్సెక్కి వన్ టౌన్‌కి వచ్చి పడ్డాను.

గురువారం పొద్దున తలకి పోసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని బస్టాండు దాకా వెళ్లాను. చల్లపల్లి మీదుగా వెళ్లే బస్సులు ఒకటి తర్వాత ఒకటి కదులుతున్నాయి. నేను వెళ్లి ఆ పందిట్లో వాడికి ఎదురుగా కూర్చుంటే చాలు. మాట్లాడక్కర్లేదు, ఏడవక్కర్లేదు. వాడు అందుకోలేడు. ఆ సంగతి వాడే నాకు చెప్పాడు.

మధ్యాహ్నం దాకా అక్కడే నిలబడి, తిరిగి కొట్టుకి వెళ్లాను. వాడు అందుకున్నాడు.