పెద్దమ్మ అడిగిన రాయి

మా పక్కింటి రంగూన్ పెద్దమ్మ పోయిన నెలలో చనిపోయింది. మిర్చి యార్డులో మిరపకాయలకు తొడిమెలు తీస్తూ తీస్తూ అలాగే పక్కకు ఒరిగిపోయిందని కబురొచ్చింది. ఏడుపు వచ్చింది గానీ, దానికంటే ముందు కోపం వచ్చింది. ఆమె ఈ ఊరిని అడిగింది ఒక్కటే. అదీ దక్కలేదు.

ఆమె మాకు చుట్టం కాదు. పర్చూరు దగ్గర పల్లెలో పుట్టి, పెళ్ళయిన కొత్తలో భర్తతో రంగూన్ వెళ్ళింది. యుద్ధంలో జపాను సైన్యం అక్కడి కూలీలను లారీల్లో ఎక్కించి, అడవిలో రైలుదారి వేయడానికి పట్టుకుపోయింది. జ్వరాలకు, ఆకలికి, దెబ్బలకు ఎందరో పోయారు. ఆమె భర్తా తిరిగి రాలేదు. చాలా ఏళ్ళకు బర్మాలో మనవాళ్ళకు బతుకుదెరువు లేకుండా పోతే, మిగతా కాందిశీకులతో పాటు ఓడెక్కి వచ్చి గుంటూరులో మా పక్క పాకలో దిగింది.

బర్మా అలవాటు ఒకటి వెంట తెచ్చుకుంది. దారిన పోయేవాళ్ళ కోసం గుమ్మం బయట మంచినీళ్ళ కుండ పెట్టేది. తాగి మూత పెట్టకపోతే మాత్రం, "ఏరా, నీళ్ళు తాగావుగా, మూతకి చెయ్యి రాలేదా?" అని వీధి చివరిదాకా వినిపించేలా కేకలేసేది.

ఏటా ఒకరోజు బర్మా నుంచి వచ్చినవాళ్ళంతా, హిందువులూ ముస్లిములూ, ఒకచోట చేరి పోయినవాళ్ళ పేర్లు పైకి చెప్పుకునేవారు. మామూలప్పుడు "మా ఆయన" అనే పెద్దమ్మ, ఆరోజు భర్త పేరు ఇంటిపేరుతో సహా గట్టిగా పలికేది. మా అమ్మ నొచ్చుకుంటే, "నేను పలక్కపోతే ఆయనున్నాడని ఎవరికి తెలుస్తుందమ్మా?" అంది.

ఆ పేర్లు చెక్కిన రాయి ఒకటి ఊళ్ళో నిలబెట్టాలని ఆమె కోరిక. రాయి తామే తెచ్చుకుంటామన్నారు. కావలసింది కాస్త జాగా. అది అడగడానికి మునిసిపల్ ఆఫీసుకి ఆమెకు తోడు వెళ్ళాను.

"సైన్యంలో పనిచేశారా?" అన్నాడు గుమాస్తా.

"లేదండి."

"స్వాతంత్ర్యం కోసం జైలుకెళ్ళారా?"

"లేదండి. కూలోళ్ళు."

"కూలీలకి రాయేంటమ్మా? ఏ పద్దు కింద రాయమంటారు?"

"చంపేసినోళ్ళ పద్దు కింద రాయండి" అంది పెద్దమ్మ.

అతను నవ్వి, వచ్చే నెల రమ్మన్నాడు. వెళ్ళాం. ఆఫీసరు క్యాంపులో ఉన్నాడన్నారు. మళ్ళీ వెళ్తే ఆ ఆఫీసరు బదిలీ అయ్యాడన్నారు. బయటికొచ్చాక ఆమె చెప్పులు విదిలించుకుంటూ, "జపానోడు కనీసం మొహమ్మీద తిట్టాడే అమ్మాయ్. వీళ్ళు కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి మరీ పంపిస్తున్నారు" అంది. అంత విసుగులోనూ మరుసటి నెల మళ్ళీ బయల్దేరేది.

మొన్న ఆదివారం, ఏటా పేర్లు చెప్పుకునే ఆ రోజు వచ్చింది. ఎప్పుడూ చేరే బడి వసారా ఏదో సభకి ఇచ్చేశారు. యార్డు గోడ పక్కన రోడ్డు వారగా చాపలు పరిచాం. మిరప ఘాటుకి అందరి కళ్ళూ నీళ్ళు కారుతున్నాయి. పెద్దమ్మతో పాటు ఓడలో వచ్చిన సాయిబుగారు లేచి ముందుగా ఆమె భర్త పేరు చెప్పారు. తర్వాత తన అన్నదమ్ముల పేర్లు మొదలుపెట్టారు. ఇంతలో బస్తాల లారీ వచ్చి ఆగింది.

"దారి తియ్యండయ్యా, టైమైపోతోంది!" డ్రైవరు అరిచాడు.

ఎవరూ చాప ఎత్తలేదు. అతను హారన్ మీద చెయ్యేసి అదిమిపట్టాడు. ఆ మోతలో ఒక్క పేరూ వినపడటం లేదు. సాయిబుగారి పెదాలు మాత్రం కదులుతూనే ఉన్నాయి.