దక్షిణపు దర్వాజలు

వెంకట్రాములు లాంటి మొండోణ్ణి నా ఇరవై ఏండ్ల దుబాయ్ బతుకుల చూడలే. మంచోడే, కాదనను. గానీ మంచోళ్ల మొండితనమే ఎక్కువ సతాయిస్తది.

నేను సనావుల్లాను. అబుదాబి పక్కన ముసఫ్ఫాల కర్రపని చేసే ఒక వర్క్‌షాపుల స్టోరు నా చేతుల ఉండేది. వెంకట్రాములు అక్కడ కార్పెంటర్. మాది జగిత్యాల, ఆయనది గోదావరి ఒడ్డు మీది ఊరు. కులానికి వడ్లాయన. వాళ్ల ఊళ్లె ఎవరింటికి దర్వాజ నిలవెట్టాలన్నా ముందు వాళ్ల నాయన, తర్వాత ఆయన. పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ గొట్టి, తూర్పుకో ఉత్తరానికో నిలవెడ్తరు. దక్షిణానికి మాత్రం చచ్చినా పెట్టరు. అది యముని దిక్కట.

రెండువేల ఏడుల ఆ ఊరు ప్రాజెక్టు కింద ముంపుకు వోయింది. దీపావళి దాటినంక మిషన్లు వచ్చి ఇండ్లు కూలగొడ్తయని నోటీసిచ్చిన్రు. వెంకట్రాములుకు ఒక్కటే రంది. పెండ్లప్పుడు తన చేతులతోని చేసుకున్న టేకు దర్వాజ ఉన్నది ఇంటికి. మిషన్ దాన్ని ముట్టకముందే పోయి ఊడదీసుకోవాలె. మూడేండ్లసంది ఆయనకు సెలవు లేదు. ముదీర్‌ను, అంటే మా మేనేజర్‌ను, అడిగితే, చేతిలున్న పని ఖలాస్ చెయ్యి, పాస్‌పోర్టు పట్టుకొని పో అన్నడు.

ఆ పనేందంటే, స్విట్జర్లాండ్‌ల ఒక ఊరు. మేజా మీద పట్టేంత చెయ్యాలె. అబుదాబిల ఒక హోటల్ నడిపే రెటో సాబ్ పుట్టిన ఊరది. కర్రతోని చేపిచ్చి హోటల్ ముంగటి హాల్ల పెట్టుకుంటనని ముచ్చటపడ్డడు. నక్షా, ఫోటోలు తెచ్చి ఒక పూటంత కూసొని చెప్పిండు. వెంకట్రాములుకు నేను తెలుగుల చెప్పిన.

ఊరి పేరు స్టాల్‌మాట్. అరవై మూడు ఇండ్లు, ఒక చర్చి, నడుమ ఒక వాగు. ఉత్తరాన కొండ. మూడువందల ఏండ్ల కింద ఒకనాడు ఆ కొండ మీది మంచు జారి సగం ఊరును మింగింది. అప్పటిసంది కొండ మీది అడవిల ఎవరూ గొడ్డలి వెయ్యరు, ఆ చెట్లే మంచును ఆపుతయి. మిగిలిన ఇండ్లన్నీ కొండకు వీపు పెట్టి దక్షిణానికి చూస్తయి. తూర్పున ఇంకో గుట్ట, అటు తెరిస్తే ఏడాదంత నీడే. చలికాలంల రెండు నెలలు ఊళ్లె ఎండనే పడదు. మళ్ల ఎండ వచ్చిననాడు అందరు దర్వాజలు తెరిచి గడపల్ల నిలవడ్తరట. వెంకట్రాములు అంత విన్నడు, తల ఊపిండు.

పొద్దంత కంపెనీ పని, పొద్దుగూకినంక ఈ ఊరు పని. అగ్గిపెట్టెలంత ఇండ్లు చెక్కి చెక్కి ఆయన కండ్లు లోపలికి వోయినయి. అన్నం ముంగట కూసుంటే ముద్ద చేతిలనే ఉండేది. దీపావళి ఇంక పదిహేను రోజులుందనంగ పని అయిందన్నడు. రెటో సాబ్ వచ్చి చుట్టు తిరిగిండు, వంగి చూసిండు. నేనూ వంగి చూసిన. అరవై మూడు దర్వాజలు తూర్పుకున్నయి.

ఇదేందయ్యా అని నిలదీసిన.

"దక్షిణం దర్వాజ నేనెట్ల పెడ్త సనావుల్లా భాయ్? అందుకే సగం ఊరు వోయింది వాళ్లది. ఉన్నోళ్లన్న సల్లగుండొద్దా?"

నాకు ఒళ్లు మండింది. ఎవల ఊరు, ఎవల వాస్తు! ఆ మాట రెటో సాబ్‌కు చెప్తే నవ్వలే, కోపం జెయ్యలే. కానీ నా ఊరు నా ఊరు లెక్కనే కావాలె అన్నడు. ముదీర్ మాత్రం సెలవు బంద్ అన్నడు. చేసుకున్నోనికి చేసుకున్నంత అని నేనూ ఒక మాట జారిన. ఆ మాటకు ఇప్పటికీ బాధైతది.

జిగురుతోని అంటిచ్చిన గోడలు ఇప్పి మళ్ల చేసుడంటే ఇరవై రెండు దినాలు వట్టింది. దీపావళి దాటిపోయింది. పని ముగిసే వారమే హోటలోళ్లకు నచ్చిందని ఇంకో ఆర్డరొచ్చింది. సెలవు ఇంక వచ్చే ఏడాదికే.

ఆ శుక్రవారం నేను నమాజుకు వోయి వచ్చేసరికి వెంకట్రాములు పెండ్లాం బాలవ్వతోని ఫోన్ల మాట్లాడుతున్నడు. మిషన్లు రాకముందే ఆమె నలుగురిని వెట్టి గడ్డపారలతోని దర్వాజ ఊడదీపిచ్చి, ట్రాక్టర్ల ఏసుకొని ముంపోళ్లకు సర్కారిచ్చిన కాలనీకి తెచ్చిందట. మూడు నెలలసంది నవ్వని మనిషి అప్పుడు నవ్విండు. గానీ అక్కడ ఇండ్ల జాగలకు చిట్టీలు తీస్తే వీళ్లకు దక్షిణం మొఖం జాగ వచ్చిందట, బాట ఆ దిక్కే ఉన్నదట. నువ్వొచ్చేదాక దర్వాజ నిలవెట్టను, నాకు భయమైతున్నదని ఏడ్చింది.



"నిలవెట్టియ్యి. దక్షిణానికే నిలవెట్టియ్యి" అన్నడు. "ఏం గాదు. ఒక ఊరంత అట్లనే బతుకుతున్నది, నాకెరుకే. పక్కూరి వడ్లాయనను పిలువు."

వడ్లాయన ఇంటికి ఇంకో వడ్లాయన వచ్చి దర్వాజ నిలవెట్టుడు ఎంత నామోషీనో నాకెరుక. ఆయనకు చాయ్ తెచ్చిచ్చిన. తాగలే.

సంక్రాంతి ముంగట మళ్ల ఫోన్ జేసిండు. అందరు మంచిగున్నరా అని అడగలే. గడపలకు ఎండ వస్తున్నదా అని అడిగిండు. ఫోన్ల నుంచి బాలవ్వ మాట నాకు గూడ సాఫ్‌గ ఇనవడ్డది.

"వస్తున్నది. పొయ్యి కాడిదాక వస్తున్నది. నువ్వే వస్తలేవు."