నవ్వని బ్యాటరీలాయన

బ్యాటరీలాయనకు పెళ్ళాం అంటే గిట్టదనీ, అందుకే నాలుగేళ్ళుగా ఆమె ముఖం చూసి ఒక్కసారి కూడా నవ్వలేదనీ, ఇప్పుడు ఏకంగా పుట్టింటికి తరిమేస్తున్నాడనీ మా వీధిలో ఒక మాట తిరుగుతోంది. ఆ మాటకు కాళ్ళు తెచ్చింది నేను. చెప్పులు తొడిగి గడప దాటించింది ఎదురింటి టైలరమ్మ. అందుకని సరిదిద్దాల్సిందీ నేనే.

ఆయన పద్దెనిమిదేళ్ళుగా కార్ల, లారీల బ్యాటరీలకు చార్జింగ్ పెడుతున్నాడు. మనిషి నెమ్మది. ప్యాంటు మాత్రం మోకాళ్ళ దగ్గర జల్లెడలా ఉంటుంది. మాట్లాడితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. వీధిలో చాటుగా అందరూ ఆయన్ను ‘తాళంకప్ప’ అనేవారు. ఆ పేరు పెట్టింది నేను కాదు, ఒట్టు.

రెండేళ్ళ కింద దుకాణం చాలక, చార్జింగ్ బల్లను ఇంటి వెనక గదిలోకి తెచ్చుకున్నాడు. ఆ గది కిటికీ మా బట్టల దండెం వైపు ఉంటుంది. నెల తిరక్కుండానే నా కొత్త నూలు చీర ఉతికి దులిపేసరికి కొంగు నిండా సూదిబెజ్జాలు. నేను ఊరుకుంటానా?

"ఏమయ్యా, నీ కిటికీ గాలికి నా చీర దోమతెర అయిపోయింది. నువ్వు మూస్తావా, నన్నొచ్చి మూయమంటావా?"

"మూసేస్తాను పెద్దమ్మా," అన్నాడు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే.

ఆ రోజు మూసిన కిటికీ మళ్ళీ తెరుచుకోలేదు. నా చీరలు క్షేమం. గెలిచాననే అనుకున్నాను.

ఆయన భార్యది గలగలలాడే నోరు. ఆ మూసిన గదిలోనే ఆయన పక్కన కూర్చుని, బ్యాటరీల్లో నీళ్ళు తగ్గితే పోస్తూ, ఇద్దరి మాటలూ తనే మాట్లాడేది. మొన్నొక మధ్యాహ్నం మా ఇంటికొస్తే ఫ్రిజ్‌లో నీళ్ళు ఇచ్చాను. ఒక్క గుక్క తాగి దవడ పట్టుకుంది.

"ఏమైందే?"

"పళ్ళు జివ్వుమన్నాయి అత్తయ్యా. ఈమధ్య చల్లటిది తగలనివ్వడం లేదు."

"ఏదీ, నోరు తెరువు."

"నేనేమన్నా సంతలో గుర్రాన్నా?" అంటూనే తెరిచింది.

దవడ పళ్ళు శుభ్రంగా ఉన్నాయి. ముందు పళ్ళ అంచులు మాత్రం అరిగి, గాజుముక్కల్లా పలచబడి, వెనకున్న చీకటి కనిపిస్తోంది. ఇంతలో ఆమె కళ్ళు తుడుచుకుంది.

"ఈ ఆదివారం పుట్టింటికి పొమ్మంటున్నారు అత్తయ్యా. ఎందుకో చెప్పరు. నా మొహం మొత్తిందేమో."

నేను టైలరమ్మకు చేరవేసింది ఈ ముక్కే. పళ్ళ సంగతి మాత్రం కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే మా చెల్లెలు వచ్చినప్పుడు అన్నాను. దాని ముఖం మారిపోయింది. సంచిలోంచి నీలం లిట్మస్ కాగితం తీసి, తడిపి, ఆ గదిలో పావుగంట వేలాడదీయించమంది. బ్యాటరీలాయన భార్య చేతికే ఇచ్చి పంపాను. తిరిగొచ్చిన కాగితం మీద తట్టు పోసినట్టు ఎర్రటి చుక్కలు.

"చార్జింగ్ పెడితే బ్యాటరీలో బుడగలు లేచి పగుల్తాయి అక్కా. వాటితో కంటికి కనపడని యాసిడ్ తుంపర గాల్లోకి వస్తుంది. నోరు తెరిస్తే ముందు పళ్ళ మీదే వాలుతుంది. గుడ్డుపెంకు నిమ్మరసంలో వేస్తే ఏమవుతుంది?"

"నురగొచ్చి మెత్తబడుతుంది. నాకు తెలీదా?"

"పన్ను అంతకంటే గట్టిది. ఏళ్ళు పడుతుంది, అంతే తేడా."

"మరి గుమ్మం దగ్గర డబ్బాడు వంటసోడా పెట్టుకుంటాడుగా?"

"నేల మీద ఒలికితే చల్లుకోవడానికి. సోడా క్షారం కదా, బుస్సుమని పొంగి యాసిడ్‌ను చంపేస్తుంది. గాలికి సోడా ఎలా చల్లుతాడు? గాలి బయటికి పోవాలి. ఆ గదికి కిటికీ లేదా?"

ఉంది. దాన్ని మూయించింది నేనే.

శనివారం పొద్దున్నే వెళ్ళాను. వరండాలో ఆమె పెట్టె సర్ది ఉంది. ఆమె లోపల స్నానం చేస్తోంది. ఆయన ఒక పాత బ్యాటరీ మీద పేరుకున్న తెల్లటి పొడిని సోడా నీళ్ళతో తుడుస్తున్నాడు.

"కిటికీ తెరిచెయ్ నాయనా. నా చీరలు పోతే పోనీ."

"తెరిస్తే పక్కిళ్ళ మీద పడుతుంది పెద్దమ్మా. ఊరి బయట షెడ్డు వెతుకుతున్నాను. ఇంకా దొరకలేదు." అని చెయ్యి నోటి మీంచి తీశాడు. పై వరుసలో నాలుగు పళ్ళు చిగుళ్ళ దాకా అరిగి మోళ్ళలా ఉన్నాయి. ఇన్నేళ్ళూ దాచిన నవ్వు అది.

"ఆ పిల్లకు అసలు సంగతి చెప్పొచ్చుగా?"

"చెబితే కదలదు. ఇద్దరం కలిసే కూర్చుందాం అంటుంది."

నా నోరు ఎప్పుడు ఊరుకుంది కనక? అడిగేశాను.

"వీధంతా అనుకుంటోంది కాబట్టి ఉన్నమాట చెప్పు. ఆ పిల్లంటే నీకు ఇష్టం లేదా?"

ఆయన లోపల నీళ్ళ చప్పుడు ఆగిందేమో అని ఒకసారి చెవి పెట్టి, గొంతు తగ్గించాడు.

"ఇష్టం లేకపోతే ఇక్కడే ఉండమనేవాణ్ణి పెద్దమ్మా."