రేడియోలో నవ్విన మా చిన్నమ్మ

ఒంటిపూట బడులు నడుస్తున్న రోజులు. హుజూర్‌నగర్‌లో పొద్దున్నే డబ్బా సర్దుకుని బడికి బయల్దేరుతుంటే మహబూబ్‌నగర్ నుంచి చెల్లె ఫోన్ చేసింది. "అక్కా, అమ్మ పోయిందే" అంది. అంతే. ఆమె ఏడుపు నాకు వినబడుతోంది, నా ఏడుపు ఆమెకు.

చెల్లె అంటే మా చిన్నమ్మ కూతురు. చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు. మీలో పాలమూరు వైపు వాళ్లుంటే ఆమె గొంతు వినే ఉంటారు. ఆదివారం మధ్యాహ్నాలు, అన్నాలు తిని నడుం వాల్చే వేళకు రేడియోలో నవ్వు కైతలు చెప్పిన మనిషి ఆమే. ఎవరైనా కవయిత్రి అంటే ఒప్పుకునేది కాదు. "నేను కవిని కాదు తల్లీ, కైగట్టేదాన్ని. ఇంట్ల కూర ఏముంటే గది వండినట్టు, నోట్ల ఏ మాట ఉంటే గది కడత" అనేది. ఆమె పేరు చాలా ఊళ్లకు తెలుసు. నాకు మాత్రం చిన్నమ్మే, ఇక్కడ కూడా అలాగే రాస్తాను.

మా అమ్మమ్మ ఊరు నల్గొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్ల ఊరు. ఆ బావి నీళ్లు తాగి పెరిగినవాళ్లందరికీ పళ్ల మీద గోధుమరంగు చారలుంటాయి. మా అమ్మకు కొన్ని, చిన్నమ్మకు నోటినిండా. ఆమెకు నవ్వు ఎక్కువ, ఆ పళ్లంటే సిగ్గూ ఎక్కువే. అందుకని నవ్వు వచ్చేలోపే కొంగు నోటి మీదికి వచ్చేది. పెళ్లి ఫొటోలో మూతి బిగబట్టుకుని ఉంటుంది. అది చూసినవాళ్లు ఈమె కోపిష్టి మనిషి కాబోలు అనుకుంటారు.

చిన్నాయిన మహబూబ్‌నగర్‌లో బస్సు కండక్టర్. చిన్నమ్మ అంగన్‌వాడీ టీచర్. నేను బీఈడీ చదువుకోవడానికి వాళ్లింట్లో ఉన్నాను. ఆ ఇంట్లో గ్యాస్ సిలిండర్ మీద, పక్కింటి కోడి మీద, రాని నల్లా మీద, ఆఖరికి నా జడ మీద కూడా కైతలుండేవి. పొయ్యి ముందు నిలబడి అప్పటికప్పుడు కట్టేది. అంగన్‌వాడీలో గుడ్డు తినని పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఆ గుడ్డు పెట్టిన కోడి ఎంత బాధపడుతుందో రాగం తీసి చెప్పేది. పిల్లలు కోడి మీద జాలితో తినేసేవాళ్లు.

తెలంగాణ వచ్చిన కొత్తలో, అంగన్‌వాడీల మీద ఏదో కార్యక్రమం కోసం జిల్లా రేడియో వాళ్లు వచ్చారు. వాళ్ల ఆఫీసరు ఏది అడిగినా ఈమె కైతలోనే జవాబు చెప్పింది. ఆయన నవ్వి నవ్వి, మరుసటి వారం స్టేషన్‌కు రమ్మన్నాడు.

తోడుగా నేను వెళ్లాను. చిన్నమ్మ పట్టుచీర కట్టుకుంది. ఇంట్లో ఒకటికి నాలుగుసార్లు చదువుకుని, మాటలన్నీ పుస్తకాల్లోలాగా మార్చి రాసుకుంది. మైకు ముందు కూర్చుని "నేను ఉదయమున లేచి" అని మొదలుపెట్టగానే ఆ ఆఫీసరు చెయ్యెత్తి ఆపాడు. "అమ్మా, ఆ రోజు మాట్లాడినావిడ ఎక్కడికి పోయింది? ఆమెను పిలవండి" అన్నాడు. చిన్నమ్మ కాగితం మడిచి పక్కన పెట్టింది.

మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి రికార్డింగ్ చూసే పెద్దమనిషి ఆపాడు. ఆయన ముస్లిం, తెల్లగడ్డం, మెల్లగా మాట్లాడేవాడు. "అమ్మా, జర కొంగు తియ్యుండ్రి. సౌండ్ వస్తలేదు" అన్నాడు.

చిన్నమ్మ తల దించుకుంది. "నా పండ్లు మంచిగుండవు సాబ్."

"ఫికర్ చెయ్యకుండ్రి. మైకుకు కండ్లు లేవమ్మా" అన్నాడు ఆయన.

ఆమె కొంగు కిందికి దించింది. అంత బాహాటంగా నవ్వుతూ మాట్లాడడం అప్పటిదాకా నేనెప్పుడూ చూడలేదు. గాజు పలక అవతల ఆఫీసరు కడుపు పట్టుకుని నవ్వాడు. బయటికి వచ్చాక నన్ను గట్టిగా పట్టుకుని, "చూసినవానె, నోరంత తెరిచి నవ్విన. గా గదిల గాలి మంచిగుంది" అంది.

ఆ గదికి ఆమె చాలా ఏళ్లు వెళ్లింది. ఆదివారాలు ఆమె గొంతు వినబడితే బట్టలుతికే ఆడవాళ్లు చెయ్యి ఆపేవాళ్లని, కిరాణా కొట్లలో సౌండ్ పెంచేవాళ్లని చిన్నాయిన డ్యూటీ నుంచి వచ్చి చెప్పేవాడు. బస్సులో ఎవరైనా ఆమె కైత చెప్పుకుని నవ్వుతుంటే ఆమె నా భార్యే అని చెప్పుకోవడానికి ఆయనకు మొగమాటం. ఇంటికి వచ్చి మాత్రం, "నీ సిలిండర్ పాట గియ్యాల నా బస్సుల ఎక్కింది. టికెట్ తీస్కోలే" అనేవాడు.

ఒకసారి అమ్మమ్మ ఊరి బడిలో వార్షికోత్సవానికి పిలిచారు. నేనూ వెళ్లాను. ముందు వరసల్లో పెద్ద తరగతుల ఆడపిల్లలు. చిన్నమ్మ ఏదో చెప్పగానే నవ్వొచ్చింది వాళ్లకు. నవ్వుతో పాటు చేతులన్నీ నోళ్ల మీదికి వెళ్లాయి, వరసంతా ఒక్కసారే. చిన్నమ్మ ఆగిపోయింది. చెప్పాలనుకున్నది వదిలేసి, కొంచెంసేపు వాళ్లను చూసి, ఇది మొదలుపెట్టింది:

"మా ఊరి బాయిది పెద్ద మనసు,
నీళ్లడిగితె రంగు గూడ కలిపిచ్చింది.
యాడికి వోయినా, ఎంత దూరంల నవ్వినా
మా ఊరి పిల్లని ఇట్టె గుర్తువడతరు."

ఆ తర్వాత కొంగు నడుముకు దోపుకుని, పళ్లన్నీ కనబడేలా నవ్వి నిలబడింది. అది రేడియో గది కాదు, ఎదురుగా ఊరంతా ఉంది. మొదట ఒక పిల్ల చెయ్యి తీసింది. తర్వాత పక్కపిల్ల. వెనక కూర్చున్న తల్లులు కూడా. స్టేజీ పక్కన నిలబడ్డ నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. తిరుగు ప్రయాణంలో బస్సు చాలా దూరం వచ్చాక, "నేను గంత చిన్నగున్నప్పుడు నాకెవ్వలన్న గిట్ల చెప్తే మంచిగుండు" అంది, కిటికీలోంచి బయటికి చూస్తూ.

కొన్నేళ్లకు చిన్నాయిన పోయాడు. డ్యూటీ దిగి వచ్చి కుర్చీలో కూర్చున్న మనిషి మళ్లీ లేవలేదు. దినాలు కాకముందే ఆదివారం వచ్చింది. చిన్నమ్మ తెల్లచీర కట్టుకుని స్టేషన్‌కు బయల్దేరింది. ఇంటినిండా చుట్టాలు. మొగుడు పోయిన ఆడది మైకు ముందు నవ్వుడేందని గుసగుసలు. అప్పటికి పెళ్లయి జడ్చర్లలో ఉంటున్న చెల్లె తలుపుకు అడ్డంగా నిలబడింది.

"బాపు బూడిద సల్లారలే. నువ్వు మందిని నవ్వించనీకి పోతున్నవా?"

"నవ్వించనీకి కాదు బిడ్డా, మీ బాపు ముచ్చట చెప్పనీకి పోతున్న. నవ్వకుంట ఆయన ముచ్చట చెప్పుడు నాకు రాదు."

"నీకు రేడియోనే ఎక్కువ" అంది చెల్లె. గదిలోకి పోయి తలుపు వేసుకుంది. చిన్నమ్మ వెళ్లిపోయింది. మధ్యాహ్నం మిగిలిన వాళ్లం రేడియో ముందు కూర్చున్నాం.

"నిద్రల గూడ రైట్ రైట్ అనెటోడు,
దుప్పటి గుంజుకుంటె టికెట్ అడిగెటోడు.
గీపారి నన్ను స్టాపుల్నె ఇడిసి
సప్పుడు లేకుంట రైట్ అన్నడు."

ఆపైన రేడియోలో ఏమీ వినబడలేదు. అలాంటి నిశ్శబ్దం రానివ్వకూడదంటారు. ఆ రోజు స్టేషన్ వాళ్లు కొద్దిసేపు దాన్ని అలాగే వదిలేశారు. గుసగుసలాడిన చుట్టాలు కొంగులతో కళ్లు ఒత్తుకున్నారు. చెల్లె మాత్రం తలుపు తియ్యలేదు, అది వినలేదు. ఆ తర్వాత చాలా కాలం పండగలకు వచ్చిపోవడమే తప్ప తల్లితో మనసిచ్చి మాట్లాడలేదు. చిన్నమ్మ ఎవరి దగ్గరా ఆ మాట ఎత్తేది కాదు. ఆదివారం పొద్దున మాత్రం కూతురికి ఫోన్ చేసి, "గియ్యాల మధ్యాహ్నం ఉన్నది బిడ్డా" అని చెప్పేది. చెల్లె "సరే" అనేది. వినేది కాదు.

తర్వాత చిన్నమ్మ కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్‌కు తీసుకుపోవడానికి చెల్లె జడ్చర్ల నుంచి వచ్చేది. ఎంత దూరమున్నా కూతురే కదా. దసరా సెలవుల్లో ఒకరోజు నేను కూడా దవాఖానకు వెళ్లాను. చిన్నమ్మ కళ్లు మూసుకుని పడుకుంది. పక్క మంచం మీది మనిషికి తోడుగా వచ్చిన ఒకామె చెల్లెను అడిగింది. "రేడియో అమ్మ మీ అమ్మనేనా?"

అవునంది చెల్లె.

"మా ఇంటాయన లారీ నడిపెటోడు. రోడ్డు మీదనే పోయిండు. నాకు ఏడుపు రాలే చెల్లె, రాయి తీర్గ అయిన. ఒగ ఆదివారం మీ అమ్మ వాళ్ల ఇంటాయన ముచ్చట చెప్పింది. నవ్విన. నవ్వుకుంట నవ్వుకుంటనే ఏడ్చిన. గప్పుడు నా పాణం నాకు మళ్లొచ్చింది" అని, ఆ స్టాపు మాట, రైట్ మాట అప్పజెప్పింది.

చెల్లె ఆ మాటలు వినడం అదే మొదటిసారి. తర్వాత తల్లి మంచం దగ్గరికి పోయి చెయ్యి పట్టుకుంది. "అమ్మా, బాపు ముచ్చట మొత్తం చెప్పవే."

చిన్నమ్మ కళ్లు తెరిచింది. "ఊపిరి సాల్తలేదు బిడ్డా. మధ్యల తెగిపోతాంది. నవ్వు లైను చివర్ల ఉంటది, గక్కడిదాక పోతలేను."

"సాలినంత చెప్పు."

చెప్పింది. ఒక మాట, కొంచెం ఆగడం, మరో మాట. దుప్పటి దగ్గరికి వచ్చేసరికి చెల్లె నవ్వింది. "గట్లనే అనెటోడు, గట్లనే" అంటూ నవ్వింది. ఆఖరి మాట అయ్యాక మంచం పట్టీకి తల ఆనించి ఏడ్చింది. చిన్నమ్మ సూది లేని చేతితో ఆమె తల నిమురుతూ ఉండిపోయింది.

ఆ తర్వాత చెల్లె తల్లిని వదిలి పోలేదు. చిన్నమ్మ ఇంకొన్నాళ్లు రేడియోకు వెళ్లింది. లైన్లు పొట్టివి చేసుకుంది, ఊపిరి అందే పొడవుకు. ఆమెలో ఏదో కొత్తదనం వచ్చిందని విన్నవాళ్లు అన్నారు. అది ఆయాసమని మా ఇద్దరికే తెలుసు.

ఆమె పోయిన మూడో రోజు. ఆమె పేరున పిట్టకు ముద్ద పెట్టడానికి వంటలు జరుగుతున్నాయి. గేటు దగ్గర ఒక ముసలాయన వచ్చి నిలబడ్డాడు. చేతిలో తడిగుడ్డ చుట్టిన సంచి. "రేడియో అమ్మ ఇల్లు గిదేనా బిడ్డా? అమ్రాబాద్ దిక్కుకెళ్లి వచ్చిన" అన్నాడు. చిన్నమ్మ ఎప్పుడో రేడియోలో అందట, టౌన్‌లో దొరికే చింతచిగురు అంతా ముదురేనని. "మా చెట్టుది. లేతది. తేవాలె తేవాలె అనుకుంటనే ఏడాది గడిచె" అన్నాడు.

ఆమె పోయిందని ఆయనకు తెలియదు. చెల్లె లోపలికి తీసుకుపోయి, దండ వేసిన ఫొటో చూపించింది. ముసలాయన చాలాసేపు ఆ ముఖం చూశాడు. "గీమెనా" అన్నాడు మెల్లగా. కాసిన్ని నీళ్లు తాగాడు. తినిపొమ్మంటే వద్దని, సంచి ఫొటో ముందు పెట్టి, బస్సు వేళవుతోందని వెళ్లిపోయాడు.

చెల్లె, నేను వంటింట్లో కింద కూర్చుని ఆ చిగురు పేపరు మీద పరిచాం. ఎంత లేతదంటే పుల్ల తియ్యాల్సిన పనే లేదు. అయినా ఇద్దరం ఒక్కొక్క రెమ్మే తీసి చూస్తూ కూర్చున్నాం. ఇల్లంతా పుల్లని పచ్చివాసన కమ్ముకుంటోంది. బయట ఎవరో పిట్టకు పెట్టే పొద్దు పోతోందని పిలుస్తున్నారు. మేం లేవలేదు.