ఈస్టుకు మేత పోసిన అక్క

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది: పుస్తకంలో ఉన్నదంతా బట్టీ పట్టి, బోర్డు మీద తప్పు లేకుండా దించేస్తే పాఠం చెప్పినట్టేనని. ఎమ్మెస్సీ అయిన ఏడే బీదర్‌లో ఒక కాలేజీలో తాత్కాలిక లెక్చరర్‌గా చేరాను. రోజూ హుమ్నాబాద్ నుంచి బస్సు, ఒంటి మీద అమ్మ చీర (పెద్దదానిలా కనిపిస్తానని ఆశ). ఇంకో ఆరు నెలలు నన్ను ఉంచాలా వద్దా అన్నది మా డిపార్ట్‌మెంట్ మేడం శుక్రవారం నా క్లాసులో కూర్చుని తేలుస్తానన్నారు. నేను క్షయకరణ విభజన (మియోసిస్) ఎంచుకున్నాను, అదీ రొట్టెల పిండిని పులియబెట్టే ఈస్టులో.

ఈస్టుకు తిండి దండిగా ఉన్నంతకాలం మొగ్గలు తొడుగుతూ పెరుగుతుంది. కడుపు మాడితేనే దాని క్రోమోజోములు జత వెతుక్కుని, ముక్కలు మార్చుకుని, విడిపోయి, చివరికి ఒక్కో కణంలో నాలుగు సిద్ధబీజాలు (స్పోర్లు) తయారవుతాయి. ఆ నాలుగింటినీ చూపిద్దామని సోమవారమే కణాలను మేత లేని ద్రవంలో వేసి, ల్యాబు చూసుకునే అక్కతో వీటికి ఆకలి పెడుతున్నానని గొప్పగా చెప్పాను.

శుక్రవారం మైక్రోస్కోపులో చూస్తే ఎక్కడ చూసినా మొగ్గలే. నాలుగు బీజాలున్న కణం ఒక్కటీ లేదు. మేడం కూడా వంగి చూసి, ఏమైందని అడిగారు. ద్రవం పాడయిందేమోనని నేను నసుగుతుంటే వెనక నుంచి అక్క ముందుకొచ్చింది.

“నేనే పోసిన మేడం. పాపం ఆకలికున్నయని పక్క సీసల మేత దినాం జర జర పోసిన. ఈ అమ్మనేమనకుండ్రి.”

పిల్లలు నవ్వారు. మేడం మాత్రం నవ్వలేదు, తిండి దొరికితే ఈస్టు జత జోలికే పోదని ఇంతకన్నా బాగా ఎవరు చూపిస్తారన్నారు. నాకు కాస్త ప్రాణం లేచొచ్చింది. ఫోన్‌లో దాచుకున్న, ఆకలిగొన్న ఈస్టు కణం వీడియో తీశాను. కేంద్రకంలో మెరిసే చుక్కలు, అవే క్రోమోజోములు, ఒక్క క్షణం కుదురుగా లేవు. కేంద్రకం గోడకు అతుక్కున్న వాటి కొసలను బయటి నుంచి సన్నని తాళ్లలాంటివి లాగుతుంటాయని చెప్పాను. ఎందుకు లాగుతాయన్నది మాత్రం నేను బట్టీ పట్టిన పేజీలో లేదు.

అక్క కూడా పిల్లల భుజాల మీదుగా చూస్తోంది. కొంచెం సేపటికి మెల్లగా అంది.

“దులిపి సూస్తున్నయనుకుంట. ఊరికే అంటుకున్నది ఊడిపోతది. దులిపినా ఊడంది దాని జోడీ.”

పరిశోధన చేసేవాళ్లు కూడా ఇంచుమించు ఇలాగే అనుకుంటున్నారని మేడం అన్నారు. సుద్దముక్క నా చేతిలో పెట్టి, అక్క చెప్పింది చెప్పినట్టే బోర్డు మీద రాయమన్నారు. రాశాను. ఆ క్లాసులో నేను పుస్తకం నుంచి దించని వాక్యం అదొక్కటే.

ఉద్యోగం నిలిచింది. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం ముద్దూ వస్తుంది: సాయంత్రం హుమ్నాబాద్ బస్సులో కిటికీ పక్కన కూర్చుని, అక్క అన్న మాట తనే అన్నట్టు ఇంట్లో ఎలా చెప్పాలా అని వాక్యాలు పేర్చుకుంటున్న అమ్మ చీరలోని ఆ అమ్మాయిని చూసి.