నూలుకు వేసినట్టు

సిద్ధమ్మత్త పోయి నెల దాటింది. భార్య దినాలు అయ్యాక కూడా రాజమల్లయ్య మామ సిద్దిపేటలోని తన రేకుల షెడ్డు తెరవలేదు. కార్ల మీద పడ్డ సన్నని గీతలకు, రాళ్లు తగిలి లేచిన పెచ్చులకు రంగు సరిచేయడం ఆయన పని. సొట్టలు తీయడు, బంపర్లు మార్చడు. "గీత ఏడుండెనో బండోడే మర్షిపోవాలె" అనేవాడు.

షెడ్డు తెరిచాడని విని వెళ్లాను. ఎప్పటిలా స్టూలు లాక్కుని కూర్చున్నాను. మహారాష్ట్రలోని భివండి నుంచి వచ్చిన ఆయన కూతురు సుచిత్ర కూడా అక్కడే ఉంది. సాయంత్రం బస్సుకు తండ్రిని వెంటబెట్టుకుని పోవాలని బ్యాగు సర్దుకుని మరీ వచ్చింది.

"ఏ రంగు జూసినా ఒక్కతీరే గానొస్తుందంటివి గద బాపూ. ఇంకేం పని జేస్తవు?"

"గీ ఒక్క కారు జేస్త. రంగు కలిస్తె ఉంట. కలువకుంటె నీ ఎంబడి వస్త."

కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా అన్నాడు.

ఆ కారు నాగేశ్‌ది. కిరాయికి తిప్పుకునే మెరూన్ బండి. చంద్లాపూర్ దగ్గర వెనక్కి తీస్తుంటే తుమ్మకంప తగిలి తలుపు మీద పొడుగ్గా గీత పడింది.

"మామా, రేపు కోహెడల పెండ్లికి పోవాలె. పెండ్లిపిల్లగాడు గీ బండిలనే ఎక్కుతడు. జర మంచిగ జెయ్యి."

"ఎన్కకు జూసుకోవా? బండికి అద్దాలెందుకు వెట్టిన్రు?"

"మొఖం జూసుకునేతందుకు."

సుచిత్ర నవ్వింది. మామ నవ్వలేదు. నీళ్లు చల్లుతూ సన్న గరుకు కాగితంతో రుద్దాడు. ప్రైమరు పూసి, అది ఆరాక డబ్బా మూతలో మెరూన్ పోసి కొంచెం నలుపు కలిపాడు. ఇంకాస్త కలిపాడు. మామూలుగా అయితే ముందు ఒక రేకు మీద చుక్క పెట్టి, ఆరనిచ్చి చూసేవాడు. ఆ రోజు నేరుగా తలుపు మీదే కుంచె పెట్టాడు.

రంగు ఆరింది. నాగేశ్ వంగి చూశాడు.

"మామా, గీత వోయింది గని జెర్రి పండుకున్నట్టున్నది."

సుచిత్ర బ్యాగు ఒళ్లోకి తీసుకుంది. "ఇగ నడువు బాపూ."

మామ గొంతుకూర్చున్నవాడు లేవలేదు. చాలాసేపు తలుపునే చూశాడు.

"ముదురైంది. నూలుకేసినట్టు ఏసిన."

నాకు అర్థం కాక అడిగాను. దుబ్బాకలో వాళ్లది నేత ఇల్లు. ఆలుమగలిద్దరూ కలిసి నూలుకు రంగులద్దేవారు. నూలు ఆరితే రంగు లేతబడుతుంది కాబట్టి తొట్టిలో ఉండగానే కాస్త ముదురు పట్టించాలి. కారు రంగు అట్లా కాదు, ఆరితే ముదురుతుంది. దాన్ని లేతగా కలపాలి.

"గిన్నేండ్లయినా చెయ్యి అటే వోతది," అన్నాడు. "మీ అత్త సద్ది వట్టుకొచ్చి జూసేది. ఏమయ్యో, గిది నూలు గాదు అని మూత గుంజుకునేది."

"ఇప్పుడు జెప్పేటోళ్లు లేరు గద బాపూ," అంది సుచిత్ర మెల్లగా.

"లేరు." కాగితం అందుకుని, "ముదురైందని నాకే గానొచ్చింది గద," అన్నాడు.

ఆ మాట అన్నప్పుడైనా ముఖంలో ఏమన్నా కదులుతుందేమోనని చూశాను. ఏమీ కదల్లేదు. కాగితం తడిపి, వేసిన రంగంతా మళ్లీ రుద్దడం మొదలుపెట్టాడు.

"అయ్యో మామా, పెండ్లి!" అన్నాడు నాగేశ్.

"పొద్దుగాల్ల వచ్చి తీస్కపో."

"మరి బస్సు?" అడిగింది సుచిత్ర.

"నువ్వు పో బిడ్డా."

"రంగు కలువలే గద?"

"కలుస్తది."

"అన్నం ఎవలు వండుతరు నీకు?"

"వండుకుంట."

"వచ్చునా?"

"రాదు."

సుచిత్ర కొంగుతో కళ్లు తుడుచుకుంది. బ్యాగు కింద పెట్టింది. "బస్సుకు ఇంకా టైమున్నది. ఇంటికి నడువు, ఎసరు ఎంత వొయ్యాల్నో జూపిస్త."

"గిది కానియ్యి," అన్నాడు మామ, తల ఎత్తకుండా.