చీపురక్క తుడిచేసిన పొగగొట్టం

రైలు గేటు పడి బస్సు ఆగిపోయింది. ఓడరేవు అవతలే, క్రేన్ల తలలు కనిపిస్తున్నాయి. చీపురక్క బస్సెక్కాక చూసుకుంటే పక్క సీట్లో బుల్లి జలాంతర్గామి నడిపేవాడి భార్య, ఒళ్లో కళ్లజోడు పెట్టెతో.

"మా ఆయన మతిమరుపు తెలిసిందేగా వదినా! సముద్రం అడుక్కి దిగే మనిషి కళ్లజోడు ఇంట్లో పారేసి పోయాడు. అక్కడేం చూద్దామనో!"

చీపురక్క నవ్వలేకపోయింది. సముద్రపు అడుగును కొలిచే ఓడలో ఆమెకు ఆ పేరు పెట్టింది ఈవిడ మొగుడే.

నడిసముద్రంలో నేల రెండుగా చీలి లోపలి నిప్పు తన్నుకొచ్చే చోట కొండలు బారులు తీరి ఉంటాయి. వాటి పగుళ్లలోంచి కాగే నీళ్లు నల్లటి పొగలా ఎగదన్నుతాయి. అందులోని ఖనిజం పేరుకుని పొగగొట్టాలు లేస్తాయి. చందమామ మీది గుంటలకు సైతం పేర్లు పెట్టుకున్న మనిషికి ఈ కొండలు ఇంకా సరిగా తెలియవు. ఆ చీకట్లో కళ్లు పనికిరావు, చెవులే గతి. అడుగున ఈదే యంత్రం శబ్దం వదిలి ప్రతిధ్వని వింటుంది; లోతులు చుక్కలై తెర మీద పడతాయి. చేపలకో బుడగలకో తగిలొచ్చిన దొంగ చుక్కలను ఊడ్చేయడం చీపురక్క పని. వయసంతా ఆ తెర ముందే గడిచింది. పెళ్లి మాటెత్తిన పిన్నితో, "చుక్కలతో కాపురం చేస్తున్నాగా, చాలదా?" అనేది.

నిన్న పాత కొలతలు తిరగేస్తుంటే ఒకటి కంటబడింది. తాను ఊడ్చేసిన ఒకచోట నీళ్ల వేడి ఉన్నట్టుండి పెరిగి ఉంది. సన్నగా నిటారుగా లేచిన పొగగొట్టం తెర మీద అచ్చం దొంగ చుక్కల్లాగే ఉంటుంది మరి. ఈవిడ మొగుడు ఈసారి ఆ చుక్కలతో గీసిన పటం పట్టుకుని దిగేది సరిగ్గా అక్కడికే.

పొద్దున పెద్దాఫీసరుకు ఫోన్ చేసి, "యంత్రం ఏదో తికమక పడింది సార్, వచ్చి చెబుతాను" అంది. తుడిచింది తానేనని చెప్పలేదు. యంత్రం మీదికి నెడితే ఆ ఒక్క చోటు దిద్దుకుంటారు. తన చెయ్యే అంటే ఆమె ఊడ్చిన కొండలన్నీ మళ్లీ చూడాలి, అందాకా ఎవరూ దిగరు. ఆమె చేతికి ఇక పటం ఇవ్వరు.

"మీరంటే ఆయనకెంత గురో!" అంటోంది ఆవిడ. "చీపురక్క ఊడ్చిందంటే కళ్లు మూసుకుని దిగొచ్చంటాడు."

"వదినా, ఆయన దిగేచోట పొగగొట్టం ఉంది. చెత్తనుకుని తుడిచేశాను. నేనే."

ఆవిడ మొహంలో నవ్వు ఆరిపోయింది.

"ఇంకెక్కడెక్కడ తుడిచారు?"

"తెలీదు."

కొలతలతో బతికిన మనిషి నోట ఆ మాట రావడం అదే మొదలు. ఆవిడ పెట్టెను రెండు చేతులా పట్టుకుంది. "పైవాళ్లకి చెప్పారా?"

చీపురక్క లేచి తలుపు దగ్గరికి నడిచింది.

"గేటు తీసేస్తారు, కూర్చోమ్మా," అన్నాడు కండక్టరు. "అంత తొందరైతే నిన్నే బయల్దేరాల్సింది!"

"నిజమే బాబూ," అని దిగింది.

పట్టాల మీద గూడ్సు బండి తెగకుండా పోతూనే ఉంది. ఆమె ఫోన్ చెవికి ఆనించుకుని పాదచారుల వంతెన మెట్లెక్కింది. "యంత్రం కాదు సార్, నా చెయ్యే. ఎవర్నీ దింపకండి."

కిటికీలోంచి "వదినా!" అన్న కేక వినిపించింది. చీపురక్క వెనక్కి తిరగలేదు.